నాలుగిళ్ల ఆవాలు

తుపాను కబురు రేడియోలో వచ్చిందంటే గంటలోపే మా గుమ్మంలోకి సామాను రావడం మొదలవుతుంది. రేపల్లెలో మా వీధి మొత్తానికి మాదొక్కటే డాబా. మిగతావన్నీ పెంకుటిళ్లు, రేకుల ఇళ్లు. నేను కాపురానికి వచ్చిన ఏడాదే మా అత్తయ్య అంకమ్మగారు చెప్పేసింది: "అక్టోబరొస్తే ఈ ఇల్లు మనది కాదమ్మాయ్, వీధిది. ముందే అనుకో."

రెండు వేల ఆరులో రంజాన్ పండగ వెళ్లి వారం తిరక్కుండానే వాయుగుండం పట్టింది. ఆదివారం తెల్లవారేసరికి ఈశాన్యం నుంచి గాలి మొదలైంది. మావారిది కరెంటాఫీసు ఉద్యోగం. ఊరంతా ఇళ్లలో దూరే రోజున ఆయన బయటికి వెళ్లాలి. టార్చిలైటు, రెయిన్‌కోటు పట్టుకుని వెళ్లిపోయారు. ఇంట్లో అత్తయ్య, నేను, మూడో తరగతి చదువుతున్న మా అనుదీప్.

ముందుగా ఎదురింటి బుడే సాహెబ్ బాబాయి దూది మూటలు వచ్చాయి. ఆయన పరుపులు కుట్టేవాడు. ఇల్లు తడిస్తే ఆరుతుంది, దూది తడిస్తే ఏడాది కష్టం పోతుంది. అందుకని ఇంట్లో అన్నిటికంటే పొడిగా ఉండే నడింగది దూదికే ఇచ్చాను. తర్వాత సారా టీచరు, ఆవిడ ఇద్దరు ఆడపిల్లలు. ఆ తర్వాత ఇడ్లీల రాజమ్మ, ఆవిడ మనవలు, వాళ్ల మేకపిల్ల.

"కలెక్టరమ్మగారూ, మా మేకకి ఏ గది రాశారండీ?" అంది రాజమ్మ గుమ్మంలో నిలబడి.

"మెట్ల కింద. చెప్పులు కూడా అక్కడే పెట్టు. తడి బట్టలు వసారా దాటి లోపలికి రాకూడదు."

"విన్నావుగా," అంది మేకపిల్లతో. "తడి బట్టలు విప్పేసి రా."

నా పద్ధతులు చూసి వీధంతా నవ్వుకుంటుందని నాకు తెలుసు. ఎవరి బిందె ఎక్కడో, ఎవరి పక్క ఎక్కడో నేను చెప్పకపోతే ఇరవైమంది ఉన్న ఇల్లు సాయంత్రానికి సంత అవుతుంది. బాపట్లలో హోంసైన్సు చదివిన మూడేళ్లూ నేర్పింది అదే. నేర్పకపోయినా నా స్వభావం అంతే.

అందరికంటే చివర బాబాయి భార్య నాగూర్‌బీ పిన్ని వచ్చింది, కూతురు షబీనా చెయ్యి పట్టుకుని, తల మీద గోనెపట్టా కప్పి. షబీనాకి తొమ్మిదో నెల. తెనాలి నుంచి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. పిన్ని ఒడిలో పండగకి మిగిలిన సేమియా పొట్లం, వంటింట్లో ఉన్న సరుకులన్నీ మూటగట్టి ఉన్నాయి.

షబీనా కూర్చోగానే నా వైపు చూసి మెల్లగా అడిగింది. "అక్కా, దిండు జాగ్రత్తగా ఉంది కదా?"

"ఉంది. ట్రంకుపెట్టెలో పెట్టాను."

ఆ దిండు సంగతి చెప్పాలి. అనుదీప్ పుట్టినప్పుడు బాపట్లలో మా అమ్మ కుట్టిన ఆవాల దిండు అది. జానెడు పొడుగుంటుంది. లోపల ఆవాలు, పైన మా నాన్న పాత పంచె గుడ్డ. ఎటు తిప్పితే అటు ఒదిగి, పసివాళ్ల తల గుండ్రంగా వస్తుందని వేస్తారు. మావాడి తర్వాత సారా టీచరు చిన్నకూతురు, ఆ తర్వాత రాజమ్మ మనవలు వరసగా ఆ దిండు మీదే పెరిగారు. తిరిగిచ్చేటప్పుడు గలేబు ఉతికి, దిండు మీద బెల్లం ముక్క పెట్టి ఇచ్చేవారు. బతికి బట్టకట్టిన పిల్లల ఇంటి నుంచి పాతవి తెచ్చి పుట్టిన బిడ్డకి వెయ్యాలని మా వైపు పట్టింపు. హిందువులా, సాయిబులా, కిరస్తానీలా అన్నది లేదు ఆ పట్టింపులో.

షబీనా మొదటి బిడ్డ నెల తిరక్కుండానే పోయాడు. డాక్టరు ఏదో గుండె జబ్బు పేరు చెప్పాడు. నాగూర్‌బీ పిన్నికి మాత్రం అన్నీ కొత్తవి వెయ్యడం వల్లే అని నమ్మకం. అల్లుడు వాజిద్ ముచ్చటపడి షాపులో కొత్త పరుపు, కొత్త దోమతెర, పట్టుగౌను కొన్నాడట. పిన్ని వద్దన్నా అప్పుడు షబీనాయే తల్లిని పాతకాలం మనిషివని దెప్పిందట.

పుట్టింటికి వచ్చిన మర్నాడే నా దగ్గరికొచ్చి దిండు అడిగింది షబీనా. "దిండుతో ప్రాణాలు నిలబడతాయని కాదక్కా. నేను ఇంటర్ చదివాను. కానీ ఈసారి మా అమ్మ మాట ఒక్కటి కూడా తీసెయ్యను. ఏదన్నా జరిగితే, అది చెయ్యలేదే అని నేను అనుకోకూడదు."

అప్పుడే ఇచ్చేద్దామంటే పిన్ని ఒప్పుకోలేదు. "బిడ్డ పుట్టకముందు ఇంట్లోకి తేకూడదమ్మా. నీ దగ్గరే ఉండనీ."

అలా ఆ దిండు నా పూచీ మీద ఉండిపోయింది.

దూది మూటలకి చోటు చెయ్యడానికి పొద్దున్నే నా ట్రంకుపెట్టె నడింగదిలోంచి దక్షిణపు గదిలోకి జరిపించాను, కిటికీ కిందికి. గాలి ఈశాన్యం నుంచి కదా, ఆ కిటికీకి చినుకు కూడా తగలడంలేదు. తుపాను దాటేటప్పుడు గాలి తిరుగుతుందని బాపట్లలో పుట్టినదాన్ని, నాకు తెలియక కాదు. పొయ్యి పని అయ్యాక పెట్టె మళ్లీ మార్చుదాంలే అనుకున్నాను.

పొయ్యి పని అవడం ఎక్కడ! ఇరవైమందికి వంట. గ్యాసు మీద అన్నం, కిరసనాయిలు స్టవ్ మీద పులుసు. నేను కూరలు తరిగి వెనక్కి తిరిగేసరికి ఆడవాళ్లు ముగ్గురూ వాళ్లిళ్ల నుంచి తెచ్చిన సరుకులు నా డబ్బాల్లో పోసేస్తున్నారు. సారా టీచరు కందిపప్పు నా కందిపప్పులో. రాజమ్మ కారం నా కారంలో. ఆవాల అరే శేరు పట్టే మా పోపులపెట్టె మూత తీసి ఉంది. రాజమ్మ తన ఆవాలు పోసింది, టీచరు పోసింది, నాగూర్‌బీ పిన్ని చీర కొంగు విప్పి మరీ పోసింది.

"అయ్యో, ఎవరివి వాళ్లవి విడిగా పెట్టండి పిన్నీ. నావి చిట్టావాలు, అవి పెద్దావాలు. ఒకటి చిటపటమనేసరికి ఇంకోటి మాడిపోతుంది."

"ఏంటి ప్రశాంతీ, పరీక్ష పేపర్లలాగా ఆవాలు కూడా కట్టలు కట్టిస్తావా మాచేత?" అంది సారా టీచరు.

"కట్టమంటే కట్టాలమ్మా," అంది రాజమ్మ. "ఆనక మన ఆవాలు మనకి నంబరేసి ఇస్తారు."

నాకు నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. పుల్లలు, మట్టిబెడ్డలు కూడా వచ్చాయి వాళ్ల ఆవాలతో. పెట్టె మూత పెట్టి పైకెక్కించి, మిగతా డబ్బాలైనా కలవకుండా సర్దుకుంటూ కూర్చున్నాను. ఆ సర్దుకోవడంలోనే బయట హోరు మారింది. అప్పటిదాకా ఉత్తరపు గోడకి కొట్టుకుంటున్న కొబ్బరిమట్టల చప్పుడు ఆగిపోయింది. వసారాలో కూర్చున్న అత్తయ్య గొంతు వినిపించింది.

"గాలి తిరిగింది."

చేతిలో డబ్బా వదిలేసి పరిగెత్తాను. దక్షిణపు గది కిటికీ రెక్క ఊడి ఒక్క బందు మీద వేలాడుతోంది. వాన పైనుంచి కాదు, అడ్డంగా కొడుతోంది, ఎవరో బకెట్లతో లోపలికి విసురుతున్నట్టు. ట్రంకుపెట్టె మూత పాతది, వెనక అంచు తుప్పుపట్టి కొద్దిగా లేచి ఉంటుంది. పెట్టెను బాబాయి, నేను కలిసి నడవలోకి లాగాం. తెరిచి చూస్తే పైన నా పట్టుచీరలు రెండు, వాటి కింద దిండు. పిండితే నీళ్లు కారేలా ఉంది.

దిండును చీరల మధ్య మళ్లీ దాచేశాను. షబీనా గోడకి చేరగిలబడి అనుదీప్‌తో గవ్వలాట ఆడుతోంది. "వీడి తల చూడమ్మా, ఎంత గుండ్రంగా ఉందో," అని వాళ్లమ్మతో అనడం విన్నాను.

మర్నాటికి తుపాను దాటిపోయింది. మా వీధిలో ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. రాజమ్మ ఇంటి రేకులు సారా టీచరు పెరట్లో దొరికాయి. మా పొలం పాలుపోసుకునే దశలో నేలకి పడుకుంది. అత్తయ్య గట్టు దాకా వెళ్లి చూసొచ్చి కాళ్లు కడుక్కుని, బియ్యం ఏరుతూ కూర్చుంది. రైలుకట్ట మీదికి నీళ్లొచ్చి తెనాలి బండి ఆపేశారు. ఎవరి ఇల్లు వాళ్లు ఎత్తిపోసుకునేదాకా వంట మాత్రం మా ఇంట్లోనే సాగింది.

నేను దొంగతనంగా దిండు విప్పాను. ఆవాలు తడిస్తే జిగురొస్తుంది. గుప్పెట్లోకి తీసుకుంటే చేప గుడ్లలా జారిపోతున్నాయి. కడిగి చేటలో పోసి పెరటి అరుగు మీద పెట్టాను. ఎండ సరిగ్గా లేదు. రెండో రోజుకి తెల్లటి తోకలు వచ్చాయి. ఆ పై రోజు పొద్దున్న చూద్దును కదా, చేటంతా సన్నటి ఆకుపచ్చ తలకాయలు.

"బజార్లో కొత్త ఆవాలు తెచ్చి అదే గలేబులో కుట్టేస్తాను అత్తయ్యా," అన్నాను. "గుడ్డ పాతదే కదా. తేడా ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసుద్ది. నాకు తెలిశాక వీధిలో ఎవరికి తెలీదో నువ్వే చెప్పు."

ఆవిడ నోటి మీద ఆవిడకి ఎప్పుడూ భ్రమల్లేవు.

ఆ మాటలయ్యేలోపే పెరటి వాకిట్లో షబీనా నిలబడి ఉంది. ఉతికిన దుప్పటి తిరిగిచ్చేందుకు వచ్చింది. తీగ మీద ఆరేసి ఉన్న ఖాళీ గలేబు చూసింది. తర్వాత అరుగు మీద చేట చూసింది. నడుం పట్టుకుని నెమ్మదిగా అరుగు మీద కూర్చుని, ఒక వేలితో ఆ మొలకల్ని అటూ ఇటూ కదిపింది.

"షబీనా, పెట్టె కిటికీ కింద పెట్టాను. గాలి తిరిగేలోపు మార్చాల్సింది, మార్చలేదు. తప్పు నాదే."

"నీ తప్పేముందక్కా," అంది. గొంతులో కోపం లేదు. దుప్పటి నా చేతికిచ్చి వెళ్లిపోయింది.

రెండు రోజులు పోయాక ఒక సాయంత్రం నాగూర్‌బీ పిన్ని వచ్చింది. ఎప్పుడూ వంటింట్లోకి వచ్చి కూర్చునే మనిషి గుమ్మంలోనే నిలబడింది. రైళ్లు తిరుగుతున్నాయట. ఊళ్లో డాక్టరమ్మ బీపీ చూసి, ఇంక ఇక్కడొద్దు, వెంటనే తెనాలి ఆస్పత్రిలో చేర్చమందట. వాజిద్ అక్కడ మంచం కూడా మాట్లాడి ఉంచాడు.

"పోదాం లేవే అంటే రేపంటుంది. రేపంటే ఎల్లుండంటుంది. తిండి తినట్లేదు. కడుపు మీద చెయ్యేసుకుని గోడ వైపు తిరిగి పడుకుంటుంది. నేనే దాని బుర్రలోకి ఎక్కించానమ్మా ఆ పాతా కొత్తా గోల. ఇప్పుడు అదంతా వొట్టిదే అంటే నమ్మదు, నేనంటే నవ్వుతుంది."

ఆవిడ వెళ్లాక వంట మొదలెట్టాను. ఏం వండుతున్నానో ధ్యాస లేదు. పప్పు ఉడికింది. మూకుట్లో నూనె కాగింది. పోపులపెట్టె దించి మూత తీస్తే ఆ కలగాపులగం ఆవాలు. చిన్నవి, పెద్దవి, నల్లవి, ఎర్రవి. పుల్లలు. ఇప్పటికైనా జల్లించి విడదీద్దామా అని చేతిలోకి తీసుకున్నాను. ఈ పెద్దవి రాజమ్మవి. ఎర్రగా ఉన్నవి సారా టీచరువి అయ్యుంటాయి. పుల్లలతో సహా పిన్నివి.

స్టవ్ ఆపేశాను. పెట్టె పట్టుకుని, ఇంకో చేట చంకన పెట్టుకుని వీధి దాటాను.

షబీనా నిజంగానే గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పైకప్పులో ఊడిన పెంకుల సందులోంచి వెలుతురు ఆమె వీపు మీద పడుతోంది.

"లే, పని ఉంది," అన్నాను. "ఈ ఆవాలు బాగుచెయ్యాలి."

"ఏంటక్కా ఇది?"

"మొన్న తుపాను రోజు అందరూ నా పెట్టెలో పోసిన ఆవాలు. కలిపేశారని ఎంత సణిగానో విన్నావుగా. మావి ఉన్నాయి. అనుదీప్ పుట్టినప్పటి నుంచీ తింటున్న పోపు ఇదే. టీచరుగారి ఇద్దరు పిల్లలవీ, రాజమ్మ మనవలవీ ఉన్నాయి. దిండులో ఆవాల మీదైతే పడుకున్నారంతే. ఇవి తిని పెరిగారు."

షబీనా లేచి కూర్చుంది. చేటలో పోసిన ఆవాల వైపు చాలాసేపు చూసింది. చేట ఒళ్లోకి లాక్కుని ఒక పుల్ల తీసి పారేసింది. ఇంకోటి తీసింది. ఉన్నట్టుండి చెయ్యి ఆపింది.

"ఇందులో మావి కూడా ఉన్నాయా?"

"ఎందుకు లేవు? ఆ పుల్లలన్నీ మీవే. మీ అమ్మ కొంగులోంచి పోసింది."

"మా ఇంటివి ఎలా పనికొస్తాయక్కా?" అంది తల ఎత్తకుండా. "బతికిన పిల్లల ఇల్లే కావాలిగా."

పొయ్యి దగ్గర ఉన్న నాగూర్‌బీ పిన్ని చివాలున వెనక్కి తిరిగింది.

"మరి నువ్వెవరివే?"

షబీనా తల్లి వైపు చూసింది.

"నెలలు నిండకుండా పుట్టావు. చేటంత లేవు. మీ నాన్న పాత దూదిలో చుట్టి నిన్ను పొయ్యి పక్కన పెట్టుకున్నాం. ఈ పిల్ల నిలవదని ఊరంతా అన్నారు. ఇదిగో ఇంత మనిషివై కూర్చుని, మా ఇంటివి పనికిరావంటున్నావు."

షబీనా ముఖం మీద కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. కొంగు తీశాక చూస్తే నవ్వూ ఏడుపూ రెండూ ఉన్నాయి.

"అయితే నేనూ బతికిన పిల్లనే కదమ్మా," అంది.

"బతికి నన్ను చంపుతున్నావు. ఆ పుల్లలు సరిగ్గా ఏరు."

ముగ్గురం కలిసి ఏరాం. ఆరిన గలేబు తెప్పించి, బుడే సాహెబ్ బాబాయి పరుపులు కుట్టే దబ్బనం దారాలు కాకుండా పిన్ని సన్నసూది తీసింది. మూడు వైపులా పాత కుట్టు అలాగే ఉంది. నాలుగో వైపు షబీనాయే కుట్టింది. కుట్లు దూరం దూరంగా పడ్డాయి. విప్పి మళ్లీ కుట్టమందామని నోటి దాకా వచ్చింది, మింగేశాను.

కుట్టడం అయ్యాక దిండు నా చేతికే ఇచ్చింది పిన్ని. "పుట్టకముందు మా ఇంట్లో ఉండకూడదు," అంది. పాతా కొత్తా గోల వొట్టిదే అని రెండు గంటల కింద చెప్పిన మనిషే.

మర్నాడు పొద్దున బండికి వాళ్లు తెనాలి వెళ్లిపోయారు. ముందురోజు రాత్రి మా ఇంట్లో పోపు లేని పప్పు తిన్నాం. "జబ్బుమనిషి పథ్యంలా ఉంది," అంది అత్తయ్య. సంగతి చెప్పాక ఇంకాస్త వడ్డించుకుంది. మొలకెత్తిన ఆవాలు ఆవిడే బావి పక్కన చల్లింది కానీ, రాజమ్మ కోళ్లు ఒక్కటి కూడా మిగల్చలేదు.

తర్వాతి వారంలో మా ఫోను మోగింది. వాజిద్. "ఆడపిల్ల వదినా. రెండు కిలోల ఎనిమిదొందలు. గుండె బాగా కొట్టుకుంటుందని డాక్టరు రెండుసార్లు చూసి చెప్పాడు. షబీనా మిమ్మల్ని రమ్మంటోంది." ఫోను పెట్టేసే ముందు మళ్లీ అన్నాడు. "నేనేమీ కొత్తవి కొనలేదు వదినా. చొక్కా కూడా పాతదే వేసుకున్నాను."

మధ్యాహ్నం బండికి బయల్దేరాను. దిండు గుడ్డసంచీలో పెట్టి ఒళ్లో ఉంచుకున్నాను. కిటికీ బయట చేలల్లో, పడిపోయిన వరిని నాలుగేసి దుబ్బులు కలిపి కట్టి నిలబెడుతున్నారు. ఎదురు సీట్లో పూలబుట్ట పెట్టుకున్న పెద్దావిడ నా సంచీ వైపే చూస్తోంది. బండి కుదుపుకి సంచీలోంచి గలగలమని చప్పుడొస్తోంది.

"ఏంటమ్మా అయ్యి?"

"ఆవాలండి."

"తెనాల్లో దొరకవా తల్లీ ఆవాలు, రేపల్లె నుంచి మోసుకెళ్తున్నావు?"

"దొరుకుతాయండి. ఇవి మా వీధివి."

ఆవిడకి ఏం అర్థమైందో, తల ఊపి, బుట్టలోంచి మూర కనకాంబరాలు తుంచి నా చేతిలో పెట్టింది.

ఆస్పత్రిలో షబీనా మంచం మీద కూర్చుని ఉంది. బిడ్డను రాజమ్మ మనవడి పాత చొక్కాలో చుట్టారు. నేను సంచీలోంచి దిండు తీసేసరికి అరచెయ్యి బిడ్డ తల కిందికి పోనిచ్చి, నెమ్మదిగా పైకెత్తింది.

"పెట్టక్కా," అంది.

పెట్టాను. ఆవాలు సర్దుకున్నాయి. ఆమె కుట్టిన వైపు నాకు ఎదురుగా ఉంది, ఎడం ఎడంగా పడ్డ కుట్లన్నీ కనిపిస్తూ. ఆ వైపు లోపలికి తిప్పబోయాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. బిడ్డ అప్పటికే నిద్రపోతోంది.